జనార్దన్ గారు రాసిన గేటు రూలు

మా ఇంటిని వృద్ధాశ్రమం అంటే మేనేజర్ రశ్మి మొహం మాడిపోతుంది. సీనియర్ లివింగ్ కమ్యూనిటీ అనాలట. అందాం, మనదేం పోయింది! ఆబిడ్స్‌కీ నాంపల్లి స్టేషన్‌కీ మధ్య సందులో మూడంతస్తుల మేడ. మొదటి అంతస్తులో మా పనులు మేం చేసుకునేవాళ్ళం. రెండో అంతస్తులో స్నానానికీ మందులకీ ఆయా సాయం కావలసినవాళ్ళు. మూడో అంతస్తులో మంచం దిగనివాళ్ళు. చేరేటప్పుడు ఫారంలో ఏ అంతస్తో మనమే టిక్కు పెడతాం. ఆ తర్వాత మారేది మాత్రం మన చేతిలో ఉండదు.

జనార్దన్ గారిది మొదటి అంతస్తులో నా ఎదురు గది. నాంపల్లి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు నలభై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. "నేను రాసిన కాయితంల సందు దొరికితే నా పేరు మార్చున్రి" అనేవారు. పినతండ్రి కొడుకును సొంత తమ్ముడని రాయమన్నందుకు ఒక పార్టీని స్టాంపు కాగితాలతో సహా వెనక్కి పంపారట. ఆ కథ నేను వారానికోసారి విన్నాను. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, మొండివాళ్ళు నాకు కొత్త కాదు.

రోజూ పొద్దున ఏడింటికి ఆయన గేటు దాటి ఆబిడ్స్ వైపు ఇరానీ హోటల్‌కు వెళ్ళేవారు. అక్కడ మొగులయ్య కాచుకుని ఉండేవాడు. ఆఫీసు ముందు ఈయన పక్కనే కూర్చుని స్టాంపులు అమ్మినాయన. వన్ బై టూ చాయ్ మీద ఇద్దరూ గంటసేపు లోకాన్ని చక్కబెట్టేవారు. "నాకు గా గంట చాలు టీచరమ్మా. మిగిలిన ఇరవైమూడు గంటలు రశ్మి మేడమ్ ఏం చేసుకుంటదో చేసుకోనియ్యి" అనేవారు.

నిరుడు రెండో అంతస్తు రత్నాకర్ గారు ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ అఫ్జల్‌గంజ్ దాకా పోయారు. సాయంత్రానికి గానీ దొరకలేదు. మా కమిటీ హడలిపోయి గేటుకో రూలు పెట్టాలంది. రాయడానికి జనార్దన్ గారుండగా ఇంకొకరెందుకు? కళ్ళజోడు సర్దుకుని రాశారు: 'రెండో అంతస్తు నివాసులు, రక్తసంబంధీకులు స్వయముగా వచ్చి వెంట ఉన్నప్పుడు తప్ప, ఏ కారణము చేతను, ఎట్టి పరిస్థితులలోను గేటు దాటరాదు. వచ్చినవారితో తన సంబంధమేమో నివాసి స్వహస్తముతో రిజిస్టరులో రాయవలెను.' చదివి మెచ్చుకున్నాను. సంతకమూ పెట్టాను. నాకు బుద్ధి లేకపోయింది.

ఈ ఆషాఢంలో ఒకరోజు జనార్దన్ గారు హోటల్ నుంచి తిరిగి రాలేదు. మధ్యాహ్నం చాదర్‌ఘాట్ బస్టాపులో కూర్చుని ఉంటే, ఎవరో ఆయన జేబులో కార్డు చూసి ఫోన్ చేశారు. "బస్సుల కునుకు పట్టింది, గంతే. ఫికర్ చెయ్యకున్రి" అన్నారు. పది నిమిషాలు నడిచి రావలసిన మనిషి బస్సు ఎందుకెక్కాడని నేను అడగలేదు. ఖైరతాబాద్‌లో ఉండే కూతురు శ్రీనిధి డాక్టరుతో మాట్లాడింది, ఏడ్చింది, ఫారంలో రెండో అంతస్తుకు టిక్కు పెట్టింది.

ఆదివారాలు ఆ అమ్మాయే వచ్చి బయటికి తీసుకెళ్తుంది. మిగిలిన ఆరు రోజులూ ఆయన ఏడింటికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గరికి వచ్చేవారు. వాచ్‌మన్ బాలమల్లు ఇబ్బందిగా నిలబడేవాడు.

"మీరే రాసిన్రు గద సారూ."

"రాసిన. తొవ్వ తెల్వనోళ్ళ కోసం రాసిన. నాకు తెల్వదా?"

ఎనిమిది దాకా ఊచలు పట్టుకుని నిలబడి, మెట్లెక్కి వెళ్ళిపోయేవారు. చూడలేక నేను రూలు మార్చమని కమిటీకి అర్జీ పెట్టాను. రశ్మి "చూద్దాం ఆంటీ" అంది. ఆ మాటకు అర్థం నాకు తెలియదా?

మొన్న గురువారం మొగులయ్యే గేటు దగ్గరికి వచ్చాడు. "అన్నను చూడక నెల దాటింది. జర పంపున్రి" అని బతిమాలాడు. బాలమల్లు ఆఫీసు గది వైపు ఓసారి చూసి, రిజిస్టరు తెరిచి జనార్దన్ గారి ముందు పెట్టాడు.

"తమ్ముడని రాయిన్రి సారూ. నేను గేటు తీస్త. ఎవరడుగుతరు?"

ఆయన కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. లోపల బెంచీ మీద కూర్చుని, రాయవయ్యా మహానుభావా అని నేను మనసులో మొత్తుకుంటున్నాను. చివరికి రాశారు. తమ్ముడు. సంతకం పెట్టి కలం తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. బాలమల్లు గేటు తీశాడు.

జనార్దన్ గారు బయట అడుగుపెట్టి ఆగారు. పెద్దాయన ముందు నడవాలని మొగులయ్య ఎప్పటిలాగే ఒక అడుగు వెనక నిలబడ్డాడు. ఈయన స్టేషన్ వైపు చూశారు. ఆబిడ్స్ వైపు చూశారు. మళ్ళీ స్టేషన్ వైపు చూశారు.

"నడువన్నా, మన టేబుల్ దొరకదు మల్ల" అని నవ్వాడు మొగులయ్య.

"మోకాలు గుంజుతున్నది మొగులయ్యా. ఇయ్యాల వద్దు" అని ఆయన గిరుక్కున తిరిగి లోపలికి వచ్చేశారు. మొగులయ్య ఒక్కడే వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క అబద్ధం రాసినందుకు ఇంత పట్టింపా జనార్దన్ గారూ?" అని కసిరాను.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. అంత భయం ఆయన మొహంలో నేనెన్నడూ చూడలేదు. నా కోపం ఎటుపోయిందో పోయింది.

"అబద్ధం గురించి కాదు టీచరమ్మా. ఇన్ని దినాలు నన్ను గేటే ఆపుతున్నదనుకున్న." గొంతు తగ్గించారు. "హోటల్ ఎటు దిక్కున్నది?"

"బయటికి వెళ్ళగానే కుడివైపండీ" అన్నాను.

ఆయన తల వంచి, ఒళ్ళో ఉన్న రెండు చేతులనూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నారు.