నాలుగున్నర బస్సు

మా వీధి కండక్టరు గారు పోయారు. మంగళవారం పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే ఎదురింటావిడ గేటు దగ్గరకొచ్చి, "కండక్టరు గారు నిద్రలోనే వెళ్ళిపోయారటండీ" అంది. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "ఎవరికీ చెప్పకుండానా?" అని. ఆవిడ నన్ను అదోలా చూసింది. ఆయన సంగతి తెలిస్తే మీరలా చూడరు, అందుకే ఈ నాలుగు మాటలు.

బస్సు కండక్టరుగా రిటైరయ్యాక ఆయన చిలకలూరిపేటలో మా వీధి మొదట్లో రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉండేవారు. భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు. నేను బాబాయిగారూ అనేదాన్ని. నాకు అరవై దాటినా ఆయనకి అమ్మాయినే. మా వీధిలో ఆ వయసు వాళ్ళెవరు ఊరెళ్ళాలన్నా ముందు ఆయన అరుగు దగ్గర ఆగాల్సిందే. అడిగితే సలహా చెప్పేవారు, అడక్కపోతే ఇంటికొచ్చి మరీ చెప్పేవారు.

మొదటి పరీక్ష సంచికి. "సర్దేశావా? ఏదీ, అది పట్టుకుని ఆ చివరి కరెంటు స్తంభం దాకా వెళ్ళి రా" అనేవారు. రొప్పుతూ తిరిగొస్తే అరుగు మీదే సంచి విప్పించేవారు. ఆవకాయ జాడీ బయటికి, ఇత్తడి చెంబు బయటికి, మూడో దుప్పటి బయటికి. "పెళ్ళికి వెళ్తున్నావా, కాపురం మారుస్తున్నావా?" అని వీధంతా వినబడేలా అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ బస్సు దిగాక, తేలిగ్గా ఉన్న ఆ సంచిని చూసి మనసులోనే దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఊరెళ్ళే రోజు మా ఆడవాళ్ళు దారిలో ఇబ్బందని పొద్దుటి నుంచీ మంచినీళ్ళు ముట్టరు. ఆయనకది గిట్టేది కాదు. "శుభ్రంగా తాగండమ్మా. అవసరమైతే బస్సాపమనండి. కసురుకుంటే కసురుకుంటాడు, ఆ డ్రైవరుకీ ఓ అమ్మ ఉంటుంది." వెనక సీటు పేరెత్తితే చాలు, "అది కుర్రాళ్ళకి ఉయ్యాల, మనకి రోలు" అనేవారు. పొద్దున గుంటూరు వెళ్ళేటప్పుడు ఎడమ పక్క కూర్చుంటే ఎండ తగలదని చెప్పింది ఆయనే. కళ్ళజోడు పెట్టెలో పేరూ వీధీ రాసిన కాగితం పెట్టుకోమంటే నేను నవ్వాను. "పేరు మర్చిపోయే వయసు కాదులే గానీ, స్పృహ తప్పే వయసే" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, ఆయన చేతిరాతతో.

ఒక్కసారి ఆయన మాట వినలేదు. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలికి కొత్త కారం తీసుకెళ్తూ, స్టీలు డబ్బాలో పోసి కాళ్ళ దగ్గర పెట్టుకోమంటే, నాకు తెలుసులెమ్మని కవర్లో మూటకట్టి సీటు పైనున్న సామాన్ల అరలో పెట్టాను. నరసరావుపేట దాటేలోపే ముడి వదులైంది. డ్రైవరుతో సహా బస్సంతా తుమ్ములు. తిరిగొచ్చాక చెబితే ఆయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. "నా సర్వీసులో బస్సాపినవాళ్ళని చూశా గానీ, బస్సు మొత్తాన్ని తుమ్మించినదాన్ని చూళ్ళేదమ్మాయ్!"

అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. ఏ బస్సుకి తిరిగొస్తామో ఒక మనిషికి చెప్పి వెళ్ళాలి. మా వీధి మొత్తానికీ ఆ మనిషి ఆయనే. చెప్పిన వేళకి గొడుగుతో బస్టాండులో నిలబడేవారు. సంచి అందుకుని, "వచ్చావా? అంతా బాగేనా?" అని ఇంటిదాకా దిగబెట్టేవారు. మావారు పోయాక నేను ఊళ్ళు తిరగగలిగానంటే ఆ ఒక్క మాట వల్లే. ఖాళీ ఇంటి తాళం తీసే ముందు ఒకరు నన్ను వచ్చావా అని అడిగేవారు.

"మీరెప్పుడూ ఎక్కడికీ వెళ్ళరేం?" అని ఓసారి అడిగాను.

"వెళ్ళడానికేం. ఎవరికి చెప్పి వెళ్ళాలో తెలీడం లేదమ్మాయ్" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వేశాను.

పోయిన ఎండాకాలం మొదట్లో ఓ పొద్దున ఇస్త్రీ చొక్కాతో, చేతిలో గుడ్డసంచితో మా గేటు దగ్గరకొచ్చారు. "వినుకొండ వెళ్తున్నా. ఆ బస్టాండులో ఎన్నేళ్ళు టీ తాగానో, కొండ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. సాయంత్రం నాలుగున్నర బస్సుకి వచ్చేస్తా."

"అలాగే, జాగ్రత్త బాబాయిగారూ" అన్నాను. ఆయన నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "నాలుగున్నర" అని మళ్ళీ చెప్పారు.

ఆ మధ్యాహ్నం మా డాబా మీద ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండుతున్నాయి. నాలుగింటికి మబ్బు పట్టింది. పరుగున పైకెక్కి గోతాల్లోకి ఎత్తుకోవడంలో పడ్డాను. చినుకు రాలలేదు. అయిదున్నర దాటాక ఆయన వీధిలో నడిచొస్తూ కనిపించారు, సంచి తనే మోసుకుంటూ.

"కొండెక్కారా?" అని పైనుంచే అరిచాను.

"సగం ఎక్కా. అక్కణ్ణించి బస్టాండు కనబడింది. బస్సులు బొమ్మల్లా ఉన్నాయి. చాల్లెమ్మని దిగొచ్చా."

"బస్సు ఆలస్యమైందా?"

"లేదు, టయానికే వచ్చింది. నేనే కాసేపు అక్కడ కూర్చున్నా."

ఆ మాట నా బుర్రకెక్కింది మర్నాడు, మిరపకాయలు మళ్ళీ ఆరబోస్తుంటే. బస్టాండు నుంచి మా వీధికి పది నిమిషాల నడక. ఆయన గంటసేపు కూర్చున్నారు. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, ఆయన నాకు చెప్పి వెళ్ళారు. నేను వెళ్ళలేదు.

మజ్జిగ గ్లాసుతో ఆయన అరుగు దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే, "మిరపకాయలు తడవలేదుగా?" అన్నారు. "లేదండీ" అని గ్లాసు అందించాను. ఎవరితోనైనా వాదించగల నోరు నాది.

"మిగతా సగం కూడా ఎక్కి రండి బాబాయిగారూ" అన్నాను చివరికి.

"చూద్దాంలే" అన్నారు. మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు.

పదకొండో రోజు కార్యక్రమం మధ్యాహ్నానికే అయిపోయింది. వచ్చిన నలుగురూ వెళ్ళిపోయారు. నేను గొడుగు తీసుకుని బస్టాండుకి వెళ్ళాను. వినుకొండ బస్సు నాలుగున్నరకే వచ్చింది. పత్తి కూలీలు, కాలేజీ పిల్లలు, సంచులతో ఇద్దరు ముసలివాళ్ళు దిగారు. ఆఖరున కండక్టరు దిగి, "ఎవరికోసమమ్మా?" అని అడిగాడు.

"మా బాబాయిగారు. కొండెక్కడానికి వెళ్ళారు."

అతను ఎక్కి లోపలంతా చూసొచ్చాడు. "ఎవరూ లేరమ్మా."

తెలుసన్నట్టు తలూపాను. అయిదున్నర దాకా అక్కడే బల్ల మీద కూర్చున్నాను.