ఉలవ కళ్ళంలో స్పోర్ట్స్ కారు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకంలోని కష్టాలన్నిటికీ జనం నెమ్మదిగా కదలడమే కారణమని నా గట్టి నమ్మకం. ఆ వయసులో అందరికీ ఏదో ఒక వెర్రి ఉంటుంది, నాది వేగం. అది పట్టుకోవడానికి కారణం మా నాన్నే. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసు మొత్తంలో ముందు పోతున్న బండిని దాటి ఎరగడు. మిరప బస్తాల ట్రాక్టరు అడ్డమొస్తే, అది ఏ డొంకలోకో తిరిగే దాకా దాని వెనకే ఊరేగింపులా నడిపేవాడు. మాచర్ల రూటులో జనం ఆయనకు ‘నిదానం’ అని పేరు పెడితే దాన్ని బిరుదు కింద తీసుకుని మురిసిపోయాడు. సెలవుల్లో ఆయన వెనక సీట్లో కూర్చుని, ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోతుంటే సిగ్గుతో తల దించుకున్న పిల్లను నేను. పెద్దయ్యాక రోడ్డు మీద నా ముందు ఒక్క బండి కూడా ఉండకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. (అప్పటికి నాకు సైకిలు తొక్కడం కూడా రాదు.)

పశువుల డాక్టరుగా నా మొదటి పోస్టింగు దుర్గి అవతలి పల్లెల్లో పడింది. తమ్ముడి కాలేజీ కోసం అమ్మ నరసరావుపేటలో ఉండిపోతే, నాన్న నాకు తోడుగా మాచర్ల వచ్చాడు. రోజూ వెళ్ళి రావడానికి బండి కావాలి. మా వెనక వీధిలో కార్ల షెడ్డు నడిపే భాయ్ దగ్గర సరిగ్గా అప్పుడే రెండు పాత స్పోర్ట్స్ కార్లు అమ్మకానికి వచ్చాయి. ఎర్రది పిడుగురాళ్ళలో సున్నం బట్టీల ఆసామి కొడుకు మోజుపడి కొనుక్కుని, పెళ్ళి కాగానే వదిలించుకున్నది. పసుప్పచ్చది చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగు మిల్లు వాళ్ళది. రెండిట్లోనూ రెండే సీట్లు. పెళ్ళికైనా ఆసుపత్రికైనా ఇంటిల్లిపాదీ ఒకే బండిలో ఇరుక్కుని పోయే మా వైపు రెండు సీట్ల కారు ఎవరికి కావాలి? అందుకే అవి నా జీతానికి అందేంత కిందికి దిగొచ్చాయి.

ఎర్రది నేలకు అంటుకుపోయినట్టు ఉండేది. అందులోకి ఎక్కడమంటూ లేదు, బావిలోకి దిగినట్టు దిగడమే. అద్దాలు ఎత్తి ఇంజను రేపితే ఆ మోత గుండెల్లో దడదడలాడేది, నాకు ప్రాణం లేచొచ్చేది. పసుప్పచ్చది కాస్త ఎత్తు, పైన కప్పు లేదు. ఉన్న గుడ్డ టాపు ఎప్పుడో వెనక్కి మడిచాక మళ్ళీ లేవనని మొండికేసిందట. పైగా ఒకసారి ఆపితే నెట్టందే స్టార్టు కాదు. “ఎర్రది గుర్రం, బేటా,” అన్నాడు భాయ్. మరి పసుప్పచ్చదో అంటే, “అదీ గుర్రమే. కాకపోతే పడుకుంటే లేపాల,” అన్నాడు. నా మనసు ఎర్రదాని మీదే ఉంది. నాన్న మాత్రం, “రంగు చూసి కాదే, రోడ్డు చూసి కొనాల బండి. నువ్వు రోజూ పోయే రోడ్డు మీద రెండిట్నీ తోలి చూడు,” అన్నాడు. మర్నాడు హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి రెండూ పట్టుకుపోతానన్నాడని, సాయంత్రంలోగా నేను తేల్చకపోతే తన చేతుల్లో ఉండదని భాయ్ అన్నాడు. ఆ ఆదివారం పొద్దున ఎర్రదాంట్లో నేనూ నాన్నా, వెనక పసుప్పచ్చదాంట్లో భాయ్ బయల్దేరాం. దుర్గిలో బండ్లు మార్చుకోవాలని ఒప్పందం.

మాచర్ల దాటామో లేదో దుర్గి అవతలి పల్లె నుంచి ఫోను మోగింది. బర్రెల పెద్దమ్మ. నాన్న స్పీకరులో పెట్టాడు. “డాక్టరమ్మా, తెల్లారగట్ల నించి బర్రె ముక్కుతా ఉంది. ముందరి కాళ్ళు బయటికొచ్చినయ్, తల రావట్లా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటంలా తల్లీ!” ఒకప్పుడు చావిడి నిండా బర్రెలుండబట్టి ఊళ్ళో ఆమెకు ఆ పేరు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. కొడుకు పోయాక, కోడలూ ఆమే ఆ ఒక్క బర్రె పాల మీద ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్నారు. కిందటి ఈతలో డాక్టరు వేళకు అందక దూడ కడుపులోనే చచ్చిపోయింది. మళ్ళీ చూడి కట్టిందని నేను పరీక్ష చేసి చెప్పిన రోజున ఆమె ముఖం చూడలేక, “ఈసారి నేనుంటా కదా పెద్దమ్మా, భయపడమాక,” అని పెద్ద మాట అనేశాను. కాళ్ళొచ్చి తల రాలేదంటే, లోపల తల పక్కకు తిరిగిపోయిందన్నమాట. అలా ఎక్కువసేపు ఉంటే దూడ బతకదు. ఇంకా ఆలస్యమైతే బర్రె కూడా దక్కదు.

“వస్తన్నా పెద్దమ్మా, దాన్ని లాగబాకండి!” అని అరిచి యాక్సిలరేటరు తొక్కాను. ఎర్రది నిజంగానే గుర్రం. ఇంజను మోతలో లోకం వినిపించడం మానేసింది. నాన్న ఎప్పుడూ వెంట ఉండే నా మందుల సంచీని పసిపిల్లలా వొళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో పైనున్న పిడి పట్టుకుని, పెదాలు మాత్రం కదిలిస్తున్నాడు. (దండకమో, నన్ను తిట్టడమో తెలియలేదు.) భయం ఒక పక్క ఉన్నా, ఇంకో పక్క నాకు గర్వంగానే ఉంది. చూశావా నాన్నా, ఈ వేళ నీ బస్సయితే ఎప్పటికి చేరేవాళ్ళం అని అడగాలనిపించింది. అంతలో దూరంగా రోడ్డు మీద మొగుడూ పెళ్ళాల్లా ఉన్న ఇద్దరు కనబడ్డారు. మమ్మల్ని చూసి రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నారు. నేనూ ఒక చెయ్యి ఊపాను.

“ఎందుకే చెయ్యూపుతున్నావ్?” అన్నాడు నాన్న.

“మన బండిని చూసి ముచ్చటపడుతున్నారు నాన్నా.”

“ముచ్చటపడేవాళ్ళు కర్రలెందుకెత్తుతారే? ఆపు! ఆపమంటన్నారు!”

అప్పటికే ఉలవల్లో పడ్డాం. అది ఉలవలు ఇళ్ళకొచ్చే కాలం. ఆ రోజుల్లో మా వైపు తారు రోడ్డే కళ్ళం. పీకిన ఉలవ తీగెను దారి పొడుగునా మందంగా పరిస్తే, పోయే బస్సులూ లారీలూ తొక్కి కాయ పగలగొట్టి పెడతాయి. ఎత్తు బండ్లకు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. మా ఎర్రది మాత్రం పొట్టతో ఈదింది. తీగె మొత్తం చక్రాల ఇరుసుకు చుట్టుకుని, గరగరమని ఒక్కసారి మూలిగి బండి ఆగిపోయింది. పొయ్యి మీద మంగలంలో ఉలవలు మాడిన వాసన వచ్చింది. తర్వాత నా కాళ్ళ దగ్గర నుంచి పొగ. తలుపు తీయబోతే బయట తీగె కుప్ప అడ్డం. జీవితంలో మొదటిసారి నాన్న గొంతులో కంగారు విన్నాను. “తన్నవే! కాలితో తన్ను!” ఇద్దరం చెరో పక్క తన్ని, సంచీతో సహా బయటికి దొర్లాం.

“ఏందమ్మా నువ్వు! ఆగు ఆగని గొంతు చించుకుంటంటే నవ్వుతా చెయ్యూపుకుంటా వచ్చి మీద పడ్డావేంది!” అని ఉలవల రైతు అరుస్తున్నాడు. ఆయన భార్య ఆయన్ని పక్కకు నెట్టి, “అరుపులు తర్వాత, ముందు మట్టి పొయ్యయ్యా!” అంటూ చేటతో మట్టి ఎత్తి బండి కిందకు చల్లింది. మేమంతా చేతులతో, చెప్పులతో మట్టి తోశాం. పొగ ఆగింది. అప్పటికి పసుప్పచ్చది వచ్చి ఉలవలకు ఇవతలే ఆగింది. పైన కప్పు లేదుగా, రైతు కేకలు భాయ్‌కి దూరం నుంచే వినపడ్డాయట. ఆయన దిగి, ఎర్రదాని కిందకు తొంగిచూసి, “ఇది ఇప్పట్లో కదలదు, బేటా,” అన్నాడు.

ఫోను మళ్ళీ మోగింది. “యాడున్నావమ్మా? బర్రె కూలబడింది. లేవటంలా.” పెద్దమ్మ ఏడుస్తోంది. నేను పరుగెత్తుకెళ్ళి పసుప్పచ్చదాంట్లో కూర్చుని తాళం తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. భాయ్ అలవాటు కొద్దీ ఇంజను ఆపి దిగాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. డాక్టరునన్న సంగతి కూడా మరిచిపోయి, ఆ రైతుతో, “బాబాయ్, బర్రె ఈనలేక చచ్చిపోతా ఉంది, కొంచెం నెట్టండి,” అని బతిమాలాను. తన ఉలవలను పాడుచేసి, సగం తగలబెట్టబోయిన మనిషిని ఆయన ఒక్క క్షణం ఎగాదిగా చూశాడు. “ఆ మాట ముందే చెప్పొద్దా!” అని చేతిలో పంగలకర్ర పారేసి, భుజం ఆనించాడు. భార్య ఒక పక్క తీగెను లాగేసి దారి చేసి, భాయ్‌తో కలిసి తనూ తోసింది. దగ్గుతూ, తుమ్ముతూ అది లేచింది. సర్వీసంతా ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను బండబూతులు తిట్టిన మా నాన్న, కదులుతున్న బండిలోకి సంచీతో సహా తలుపు మీదుగా దూకాడు.

దుర్గిలోకి వచ్చేసరికి రాళ్ళు చెక్కే ఉలుల చప్పుడు వినబడింది. అన్నాళ్ళుగా ఆ ఊరి మీదుగా పోతున్నా ఆ చప్పుడు చెవిన పెట్టిన గుర్తే లేదు. దుర్గి దాటి పెద్దమ్మ వాళ్ళ పల్లెలోకి తిరగ్గానే ఎవరో అరుగు మీంచి, “డాక్టరమ్మా, అటు పోబాక! సందులో ట్రాక్టరు దిగబడింది, కాలవ గట్టెక్కు!” అని కేకేశారు. గట్టెక్కాం. ఆ కేక వినపడకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను.

చావిడి ముందు దిగిన మమ్మల్ని చూసి పెద్దమ్మ గుర్తుపట్టలేదు. కనుబొమల దాకా మట్టి, జుట్టు నిండా ఉలవ పొట్టు. “మీరెవరయ్యా? డాక్టరమ్మ యాడుంది?” అంది. నేనే పెద్దమ్మా అని చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను. పక్కింటాయన ఒకడు, “కారు తెచ్చారుగా, కాళ్ళకు తాడేసి దానికి కట్టి లాగిస్తే సరి,” అని సలహా ఇచ్చాడు. నాకు కోపం నెత్తికెక్కింది. కారు వైపు ఎవరన్నా తాడు పట్టుకుపోతే ఊరుకోనని అరిచి, బర్రె వెనక బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టాను. తల డొక్క వైపు తిరిగిపోయి ఉంది. దూడను లోపలికి నెట్టి, వెతికి వెతికి ముట్టె దొరకబుచ్చుకుని నోట్లో వేలు పెట్టాను. ఏమీ కదల్లేదు. పెద్దమ్మ నా ముఖమే చూస్తోందని తెలుసు, అందుకే తలెత్తలేదు. ఇంకోసారి పెట్టాను. అప్పుడు నాలుక నా వేలిని, కొద్దిగా, చప్పరించింది.

“బతికే ఉంది!” అన్నానో, ఏడ్చానో. తల సర్ది, కాళ్ళకు తాళ్ళు వేసి, నాన్నకూ కోడలికీ ఇచ్చాను. బర్రె ముక్కినప్పుడే లాగాలి, ఆపినప్పుడు ఆగాలి. కోడలు భయంతో గబగబా లాగబోతే నాన్న ఆపాడు. “నిదానం తల్లీ... దాంతో పాటే పో... నిదానం.” ఆ పేరంటే సిగ్గుపడ్డ నేను ఆ మాటను ఆసరాగా పట్టుకుని పని చేశాను. దూడ జారి గడ్డిలో పడింది. పెయ్యదూడ. ముక్కులు తుడిచి గడ్డిపరకతో కెలికితే తుమ్మింది. పెద్దమ్మ దాన్ని కొంగుతో తుడుస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక్క యాక్సిడెంటు కూడా లేకుండా సర్వీసు చేసిన మా నాన్న, నెత్తురు చూసి కళ్ళు తిరిగి అక్కడే కూలబడ్డాడు. ఆయన్ను లేపడానికి ఇంకో ఇద్దరు కావలసి వచ్చారు.

సాయంత్రం షెడ్డులో రెండు బండ్లూ పక్కపక్కన నిలబడ్డాయి. ఎర్రదాన్ని ఉలవల రైతే ట్రాక్టరుతో లాగి తెచ్చాడు. నిజం చెప్పొద్దూ, అంత జరిగినా నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. భాయ్ రెండు రోజుల్లో బాగుచేసి ఇస్తానన్నాడు. నేను నోరు తెరిచే లోపు నాన్న అన్నాడు. “ఎర్రది బానే పోద్ది. కానీ దాంట్లో కూర్చుంటే నీ మోత తప్ప నీకేం వినపడదు. ఈ రోడ్డు పొడుగునా గొడ్లున్న ఇళ్ళే. పిలిస్తే వినపడే బండి తీసుకో, అమ్మాయ్.” ఫలానా బండి తీసుకోమని ఆయన నాకు నోరు తెరిచి చెప్పింది ఆ ఒక్కసారే. పసుప్పచ్చదాని తాళం తీసుకున్నాను. ఎర్రది బాగుచేసే దాకా కూడా ఆగకుండా మర్నాడే లారీ ఎక్కి హైదరాబాదు వెళ్ళిపోతుంటే వాకిట్లో నిలబడి చూశాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి కూడా.

వేగంగా పోవాలని కొన్న స్పోర్ట్స్ కారు ఆ రోడ్డు మీద అందరికన్నా నెమ్మదైన బండి అయింది. కప్పు లేని కారులో డాక్టరమ్మ పోతుంటే ఎవరు ఊరుకుంటారు? కుంటుతున్న మేకను చూపించేవాళ్ళు, గుడ్లు మానేసిన కోడిని తెచ్చేవాళ్ళు. ఒక తాత అయితే తన మోకాలు చూడమన్నాడు. (చూశాను. ఎద్దుకైతే ఏమిస్తామో చెప్పి, మనుషుల డాక్టరు దగ్గరకు పొమ్మన్నాను.) ఆగిన ప్రతిచోటా మళ్ళీ నెట్టాలి, నెట్టేవాళ్ళు నవ్వుతూ నెట్టేవాళ్ళు. బస్సులు సరే, ఆటోలు కూడా నన్ను దాటిపోయేవి. రోజూ ఆఫీసుకు ఆలస్యమే, రోజూ సంజాయిషీనే.

ఇప్పుడు నరసరావుపేటలో నాకు బల్లా, కుర్చీ ఉన్న ఉద్యోగం. ఏసీ బండి, డ్రైవరు. దుమ్ము పడదు, మీట నొక్కితే స్టార్టవుతుంది. ఉలవ పొట్టు నెత్తిన వేసుకుని ఎర్ర బండి కోసం ఏడ్చిన ఆ వెర్రిపిల్ల గుర్తొస్తే నవ్వుకుంటాను. తను కోరుకున్నదంతా నాకు దొరికింది. రోజూ వేళకే చేరుతున్నాను. దారిలో నన్నెవరూ ఆపకపోవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.