ఆగని మిరపకాయల ఆట

మహబూబాబాద్ బస్టాండు పక్కన ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో కహ్కషాన్ కొన్నేళ్లుగా తెలుగు టైపు చేస్తోంది. పుట్టినరోజైనా పెద్దకర్మైనా ఆ పిల్ల వేళ్ల మీదుగానే ఊళ్లోకి పోవాలి. కంప్యూటర్ ముందు కూర్చుందా, ఎడమ చెయ్యి దానంతటదే కీబోర్డును తెలుగులోకి మార్చేస్తుంది. మనం గడప ముందు చెప్పులు విడుస్తామే, అట్లా.

ఆమె మనసు మాత్రం ఇంకోచోట ఉంది. వెంకట్రాం నడిపే కంప్యూటర్ సెంటర్లో పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పే కొలువు ఖాళీ పడింది. దానికోసం సొంతంగా ఒక ఆట రాసింది. పైనుంచి మిరపకాయలు రాలుతుంటాయి, బాణం మీటలతో గంప జరిపి పట్టుకోవాలి. క్యూ అక్షరం నొక్కితే ఆట బంద్.

చూపించే రోజు రానే వచ్చింది. సెంటర్లో కూర్చుని తెరిచింది. ఆట తెరంతా పరుచుకుంది. వెంకట్రాం ముచ్చటపడి గంపను అటూ ఇటూ ఉరికించాడు.

"మంచిగుంది బిడ్డా. ఇగ బంద్ చెయ్యి."

కహ్కషాన్ క్యూ నొక్కింది. మిరపకాయలు రాలుతూనే ఉన్నాయి. మళ్లీ నొక్కింది. ఊఁహూఁ!

"ఏంది బిడ్డా, షురూ చేసుడే నేర్సినవా? రేపు పిల్లలకేం జెప్తవ్, ప్లగ్గు గుంజుమనా?"

"జర ఆగుండ్రి సార్. ఇంట్ల మంచిగనే బంద్ అయింది."

"ఎవలింట్ల ఆళ్లకు అన్నీ మంచిగనే అయితయి!"

కొలువు చేజారేట్టుంది. బాణాలు పనిచేస్తున్నాయి, క్యూ ఒక్కటే మొండికేసింది. ఎందుకబ్బా? అప్పుడు తట్టింది. కూర్చోగానే చెయ్యి తన పని తాను చేసేసింది! కీబోర్డు తెలుగులో ఉంది. ఆ మీట నొక్కితే ఆటకు అందేది ఔత్వం. ఆటేమో ఇంగ్లీషు క్యూ కోసం చెవి ఒగ్గి కూర్చుంది.

ఇంగ్లీషులోకి మార్చి నొక్కింది. ఆగింది.

"తప్పు నాదే సార్. అలవాటుల తెలుగు పెట్టిన."

"గీడ తెలుగు టైపింగోళ్లు గూడ కూసుంటరు. ఆళ్లు ఇరుక్కుంటే?"

కహ్కషాన్ ప్రోగ్రాం తెరిచి, క్యూ ఉన్నచోట ఎస్కేప్ మీట పెట్టింది. అది అక్షరం కాదు కాబట్టి దానికి ఏ భాషైనా ఒకటే. కీబోర్డును మళ్లీ తెలుగులోకి మార్చి, ఆట తెరిచి, ఆయన ముందుకు జరిపింది.

"మీరే నొక్కుండ్రి సార్."

నొక్కాడు. మిరపకాయలు మాయమయ్యాయి.

"సోమారం సంది రా," అన్నాడు వెంకట్రాం. "పొద్దుగాల బ్యాచ్ నీదే. ముందుగాల బంద్ చేసుడు నేర్పు, షురూ చేసుడు ఆళ్లే నేర్సుకుంటరు."