నొప్పికి పేరు దొరికిన రోజు

పెళ్లయి జగ్గయ్యపేట వచ్చిన కొన్నేళ్లకే నాకు వేళ్ల నొప్పులు మొదలయ్యాయి. తొంభైల చివరి మాట. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయేవి. పాలగిన్నె రెండు చేతులా పట్టుకుని దించేదాన్ని. బడిలో పాఠం బోర్డు మీద రాయలేక పిల్లల చేత పైకి చదివించేదాన్ని. మధ్యాహ్నానికి మాత్రం మామూలు మనిషినయ్యేదాన్ని. అదే నా ప్రాణానికొచ్చింది. సాయంత్రం చకచకా పనులు చేసే కోడలు పొద్దున్నే చపాతీపిండి కలపలేనంటే ఏ అత్తగారు నమ్ముతారు?

ఊళ్లో డాక్టరుగారు ఆర్.ఏ. ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష చేయించారు. నెగటివ్ వచ్చింది. "కీళ్లవాతం కాదమ్మా, నీరసం," అని బలానికి మాత్రలు రాశారు. ఇంట్లో అందరం సంతోషించాం. నొప్పి మాత్రం పోలేదు. ఎప్పుడు చెప్పినా మావారు, "టెస్టులో ఏం లేదన్నారుగా," అనేవారు, మెత్తగానే. "మా కోడలిది పొద్దునపూటే వచ్చే జబ్బండి," అని అత్తగారు పక్కింటావిడతో అనడం వంటింట్లోంచి విన్నాను. పోనుపోను నాకే అనుమానమొచ్చింది, ఇదంతా నా భ్రమేమోనని.

కొన్నేళ్లకు మణికట్లు కూడా వాచాయి. నందిగామకు వారానికోసారి కీళ్ల డాక్టరుగారు వస్తున్నారని తోటి టీచరు చెబితే, అత్తగారిని తోడు తీసుకుని బస్సెక్కాను.

ఆయన నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశారు. "పొద్దున బిగుసుకుని, మధ్యాహ్నానికి వదులవుతాయా అమ్మా?"

నేను చెప్పకుండానే ఆ మాట ఒకరు అడగడం అదే మొదటిసారి. అత్తగారు తలెత్తి ఆయన వంక చూశారు.

"అవునండి. కానీ రక్తపరీక్షలో ఏం లేదన్నారండి."

"ఈ జబ్బున్నా కొందరికి ఆ పరీక్షలో కనపడదమ్మా. ఇప్పుడు యాంటీ సీసీపీ అని ఇంకోటి వచ్చింది. మన కీళ్ల మీదికే ఎగబడే యాంటీబాడీలు ఒంట్లో ఉంటే చాలావరకు పట్టేస్తుంది. రక్తం హైదరాబాదు పంపిద్దాం."

మరుసటి వారం వెళ్తే, "పాజిటివ్ అమ్మా. కీళ్లవాతమే, రుమటాయిడ్ అంటాం," అన్నారు. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.

"భయపడకండి, మంచి మందులున్నాయి."

"భయం కాదండి. నాకు నిజంగానే ఉందన్నమాట!"

తిరుగు బస్సులో అత్తగారు నా చేతిసంచీ తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. "ఇన్నాళ్లూ చెప్తానే ఉన్నావు. మాకే చెవికెక్కలేదమ్మా," అన్నారు. నాకేం కోపం రాలేదు. గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, ఆవిడ భుజానికి ఆనుకుని నిద్రపోయాను.

వారానికోసారి వేసుకునే మాత్రలు మొదలుపెట్టాక వాపు తీయడానికి నెలలు పట్టింది. కుడిచేతి చిటికెనవేలు ఇప్పటికీ కొంచెం వంకరే. కానీ ఒక పొద్దున జడేసుకుని, కాఫీ కలుపుకు తాగి, బడికి నడుస్తుంటే సగం దారిలో స్ఫురించింది, లేచిన దగ్గర్నుంచీ నా చేతుల సంగతే గుర్తు రాలేదని.