లామినేట్ చేసిన పర్మిట్

లామినేషన్ మిషన్ వేడెక్కి ప్లాస్టిక్ వాసన వచ్చిందంటే చాలు, నాకు పద్మావతి మేడమ్ గుర్తొస్తారు. కొత్తగూడ జంక్షన్ దగ్గరి మా ట్రావెల్స్ ఆఫీసుకు ఆమె మేనేజరు. సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళను అరుణాచల్ కొండలకు తీసుకెళ్ళడం మా పని. అక్కడి ఆదివాసుల నేలలో అడుగుపెట్టాలంటే, మన దేశస్తులమైనా సరే, పేరూ తేదీలూ రాసి ముందే పర్మిట్ తీసుకోవాలి. వానకు తడవకుండా ఆ కాగితాలన్నీ లామినేట్ చేయాలని మేడమ్ పట్టు.

"మన దేశంల మనకు పర్మిషన్ ఏంది మేడమ్?" అని మొదట్లో అడిగాను.

"ఎవరింటికి పోయినా వాకిట్లో నిలబడి పిలుస్తాం గదమ్మా, ఇదీ అంతే" అన్నారు. కడపామె, మాట సూటిగా ఉండేది.

నిజం చెప్పొద్దూ, ఆమెను చూస్తే నాకు కడుపు మండేది. మూడేళ్ళు పర్మిట్లు నింపింది నేను, కొండలు చూసింది ఆమె. అక్కడొక ముసలమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చిందని చెబుతుంటే పైకి నవ్వి, లోపల పళ్ళు కొరికేదాన్ని.

ఒకసారి ఒక గ్రూపు అనుకున్న తేదీకి ఒకరోజు ముందే బయల్దేరాల్సి వచ్చింది. మేడమ్ అందరి పర్మిట్లూ కొత్త తేదీతో మళ్ళీ తీయించారు, తనది మరిచిపోయారు. లామినేట్ చేస్తుంటే ఆమె కాగితం మీది పాత తేదీ నా కంటపడింది. ఒక్క మాట చాలు. నోరు పెగల్లేదు. పెగలకపోవడమేమిటి, నేనే తెరవలేదు! కాగితాన్ని మిషన్లోకి తోసేశాను.

చెక్‌గేటు దగ్గర గ్రూపును వెళ్ళమని, ఆమెను మాత్రం ఆపేశారు. తాను ఒకరోజు ఆలస్యమని హోటలుకు చెప్పమంటూ మేడమ్ నాకు ఫోన్ చేశారు. వెనక మా గ్రూపు వాళ్ళ గోల: "ఒక్కరోజే కద సార్, జర వదిలెయ్యుండ్రి!" మేడమ్ వాళ్ళను కసిరారు. "తప్పు నాది, వాళ్ళది కాదు. మీరు పోండి, రేపొస్తా." నేను సంబరపడాలి కదా, హోటల్ నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

తిరిగొచ్చిన రోజే చెప్పేశాను. "మేడమ్, ఆ తేదీ నేను చూసిన."

"తెలుసు. తేదీ నీ కన్ను దాటి పోదు." తిట్టలేదు, అదే నాకు పెద్ద శిక్ష. తర్వాత అన్నారు: "పగలంతా ఆ గేటు ముందర కూర్చున్నా సుజాతా. లోపల వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటాండారు. నాకోసం ఎవరూ ఆగలా. ఎంత బాగుండిందో! ఈసారి నువ్వు పో. నీ పర్మిట్ నువ్వే నింపుకో."

వెళ్ళాను. ఆ గేటు చూశాను. మేడమ్ మీది కుళ్ళు అక్కడే పోయింది, కానీ గేటున్న ఆ ఊళ్ళమీద అంతకన్నా పెద్ద కుళ్ళు పట్టుకుంది.

మాది గోపన్‌పల్లి. మా జొన్నచేనున్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. చేనుగట్టు మీది మైసమ్మ రాయి మాత్రం వాళ్ళ పార్కింగు మూలన మిగిలింది. ఏటా అమ్మ నెత్తిన బోనంతో వెళ్తే గేటు దగ్గర ఆపుతారు.

మేడమ్ రిటైరై కడపకు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ కుర్చీ నాది. ప్రతి పర్మిట్ తేదీనీ పైకి చదివి గానీ మిషన్లో పెట్టను. "మన దేశంలో మనకు పర్మిషనా?" అని ఎవరైనా అంటే వాకిలి మాటే చెబుతాను. చెబుతూ ఆ కొండ ఊళ్ళమీద ఏడుస్తూనే ఉంటాను.

మొన్న ఆషాఢంలో కూడా వాచ్‌మన్ రిజిస్టరు చాపాడు. "ఏ ఫ్లాటుకమ్మా?"

"మైసమ్మ కాడికి బిడ్డా" అంది అమ్మ.

అలాంటి ఫ్లాటు లేదన్నాడు. పెన్ను తీసుకుని, ఫ్లాటు నంబరు గడి వదిలేసి, పేరూ తేదీ నేనే నింపాను.