డప్పుకు సెగ

మా ఆఫీసులో ఏడాదికోసారి ‘మాస్ డే’ జరుపుతారు. ఆ రోజు గేటెడ్ కమ్యూనిటీల పిల్లలు కడిగితే పోయే రంగు జుట్టుకు కొట్టుకుని, చొక్కా మూడు గుండీలు విప్పి, మెడకు కర్చీఫు చుట్టుకుని బస్తీ కుర్రాళ్లవుతారు. సాయంత్రం షాంపూ పెట్టుకుని తిరిగి మర్యాదస్తులవుతారు.

మా అన్న జుట్టు రాగిరంగు షాంపూకు పోదు. జీడిమెట్లలో రసాయనాల పీపాలు దొర్లిస్తాడు. ఆ జుట్టు చూసి సూపర్‌వైజర్ ఎన్నిసార్లు తిట్టినా కత్తిరించుకోలేదు. ఆదివారాలు డప్పు కొడతాడు. అతని తీన్మార్ మొదలైతే బోరబండలో మా గల్లీ మొత్తం బయటికొస్తుంది.

ఈసారి అసలైన బ్యాండ్ కావాలని మా ఆఫీసువాళ్లు పిలిపించింది అన్న బ్యాండునే. మాది బోరబండ అని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు నేను. ఆ రోజు పొద్దున చెప్పులు వేసుకుంటూ అన్నే అన్నాడు:

“ఆడ నన్ను పలకరించకు చెల్లె. నీ ఇజ్జత్ ఖరాబైతది.”

నేను తలూపాను. రోజూ అన్నీ రాసుకునే డైరీలో ఆ తలూపడం మాత్రం రాసుకోలేదు.

దారిలో వాన పడి డప్పు తోలు మెత్తబడింది. ఆఫీసు హాల్లోకి వచ్చాక అన్న ఒక దెబ్బ వేసి చూశాడు. తడిగోడను తట్టినట్టుంది.

“జర మంట పెట్టాలె సార్. సెగ తగలకుంటే మోగదు.”

“లోపల మంటా? అలారం మోగుతుందండీ,” అన్నాడు మా మేనేజర్. ఆపైన గొప్ప ఆలోచన తట్టినట్టు, రంగుజుట్లు ఆరబెట్టిన హెయిర్ డ్రయ్యర్ తెప్పించాడు. అందరూ ఫోన్లెత్తి వీడియో తీశారు.

“తలకాయ కాదు సార్, తోలు,” అన్నాడు అన్న.

“అయితే ఊరికే పట్టుకుని నిలబడండి. పాట స్పీకర్లో పెడతాం. వీడియోలో ఏం తెలుస్తుంది?”

అన్న డప్పు భుజం మీంచి దించాడు. ఊరేగింపుల్లో పోలీసులు లాఠీ చూపించినా దించని డప్పు అది. నావైపు మాత్రం చూడలేదు.

పాంట్రీ వెనక ఖాళీ అట్టపెట్టెలు ఉంటాయి. రెండు చంకన పెట్టుకుని వచ్చాను.

“అన్నా, పా. పార్కింగ్ల మంట పెడదాం.”

నా పక్కసీటు అమ్మాయి చప్పట్లు కొట్టింది. “యాస ఇరగదీశావే! నువ్వూ వేషం వేయాల్సింది, ప్రైజు నీదే.”

“వేషం కాదు. ఈయన మా అన్న.”

ఆమె నవ్వు సగంలో ఆగింది.

“ఎందుకు చెప్పినవే, పాగల్‌దానా,” అని గొణుగుతూ అన్న పెట్టెలు అందుకున్నాడు.

పార్కింగ్‌లో సెక్యూరిటీ పెద్దాయన మమ్మల్ని చూసి, చూడనట్టు అటు తిరిగాడు. అన్న డప్పును మంటకెదురుగా తిప్పి తిప్పి, వేళ్లతో తడిమి, ఒక్క దెబ్బ వేశాడు. వరసగా నిలబెట్టిన కార్ల అలారాలన్నీ కుయ్యోమన్నాయి.