మిరపకాయల షెడ్డులో స్టాప్‌వాచీ

కరీమున్ ఏడో తరగతితో చదువు మానేసింది. ప్రత్తిపాడులో దర్జీ పని చేసే ఖాజావలిని పెళ్ళాడింది. మిషను మీద వచ్చేది ఇంటికి చాలక, ముప్పై ఒకటో ఏట గుంటూరు రోడ్డులో ఉన్న ఒక మిరపకాయల ఎగుమతి కంపెనీలో చేరింది. అది 2001 జనవరి.

చెప్పుకోడానికి తేలికపాటి పనే. పెద్ద రేకుల షెడ్డులో గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీయాలి. కాయ పగలకూడదు, గింజ రాలకూడదు. పగిలింది పొడికి పోతుంది, నిండుకాయే ఓడ ఎక్కుతుంది. అరవై మంది ఆడవాళ్ళు ముక్కులకి కొంగులు చుట్టుకుని తుమ్ముతూనే పని చేసేవాళ్ళు. సాయంత్రానికి వేళ్ళు నిప్పులో పెట్టినట్టుండేవి. ఇంటికెళ్ళాక కొబ్బరినూనె రాసుకుని కాసేపు గాలికి చాపుకుని కూర్చుంటేగానీ అన్నం కలపలేకపోయేవాళ్ళు.

కరీమున్ పక్కన కూర్చునే హనుమాయమ్మకి అప్పటికే అరవై దాటాయి. ఊళ్ళో ఇళ్ళు కూడా దగ్గరే కావడంతో కరీమున్ ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేది. పనికి తీసుకొచ్చింది కూడా ఆవిడే.

మార్చిలో మేనేజరు పిచ్చయ్యగారు ఒక ఇంజనీరుని పిలిపించారు. పేరు చైతన్యకృష్ణ. పాతికేళ్ళుంటాయి. ఏ పనికి ఎంతసేపు పడుతుందో కొలిచి, మనిషికి రోజుకింత అని ఖాయం చెయ్యడం అతని పని. మెళ్ళో స్టాప్‌వాచీ, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. మూడు రోజులు వరసగా పొద్దున్నే వచ్చి నలుగురైదుగురి వెనక నిలబడి రాసుకున్నాడు. వాచీ చూడగానే కొందరు చేతులు బిగబట్టి నెమ్మదిగా తీశారు. కొందరు భయపడి ఊపిరి తిప్పుకోకుండా తీశారు.

నాలుగో రోజు లెక్క చెప్పాడు. అయిదు కిలోల తట్టకి వంద నిమిషాలు. ఎనిమిది గంటల పనికి ఇరవైనాలుగు కిలోలు. అంతవరకూ పద్ధెనిమిది కిలోలు దాటిన మనిషి ఆ షెడ్డులో అరుదు. అందరూ తలలొంచుకున్నారు. కరీమున్ మాత్రం లేచి నిలబడింది.

"సార్, మీరు పొద్దున వచ్చి పదకొండింటికల్లా వెళ్ళిపోయారు కదండీ. మధ్యాహ్నం కాయ వేరండి. ఎండకి పెళుసెక్కిపోద్ది, చెయ్యేస్తే విరుగుద్ది. తట్ట తెచ్చుకోడానికీ, కాటా దగ్గర నిలబడ్డానికీ పోయే టైము మీ కాయితంలో ఉందా అండి?"

లేదని అతను ఒప్పుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. వారంలో మూడు రోజులు తను మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో ఉండాలనీ, ఆ మూడు రోజులూ ఆమెనే కొలవమనీ అడిగాడు. కూలి తగ్గకుండా పిచ్చయ్యగారిని ఒప్పించాడు. బొత్తాం ఎప్పుడు నొక్కాలో, ముల్లు ఎలా చదవాలో గంటసేపు చూపించి, వాచీ ఆమె మెళ్ళో వేశాడు.

కరీమున్ మూడు వారాలు కొలిచింది. భోజనాలయ్యాక అదే తట్టకి వంద కాదు, నూటముప్పై నిమిషాలు పడుతోందని తేలింది. గోదాము నుంచి తట్టలు మోసుకురావడానికి, గేటు పక్కనున్న కాటా దగ్గర వరసలో నిలబడ్డానికి, మంటెత్తిన చేతులు కడుక్కోడానికి మనిషికి రోజుకి గంటా అయిదు నిమిషాలు పోతున్నాయి. ఇంజనీరు ఆ కాగితాలు చూసి, తన లెక్కని తనే కొట్టేశాడు. కాటాని షెడ్డు మధ్యకి తెప్పించారు. తట్టలు తోపుడుబండి మీద మనుషుల దగ్గరికే రావడం మొదలైంది.

అయినా షెడ్డులో ఎవరూ ఆమెతో మునుపటిలా లేరు. ఆమె దగ్గరికి రాగానే మాటలు ఆగిపోయేవి. హనుమాయమ్మ తన పట్టా లాక్కుని రెండో వరసకి మారిపోయింది. కలిసి అన్నం తినడం మానేసింది. మేనేజరు కన్ను తెచ్చి మన మధ్య పెట్టారని ఎవరో అన్నారు. ఆ మాట కరీమున్‌కి చేరింది. మీకోసమే కదా చేస్తున్నాను అని చెప్పబోయి, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకుంది. పంతం మాత్రం పెరిగింది. మధ్యాహ్నం పోయే ఆ ముప్పై నిమిషాలు ఎలాగైనా మిగల్చాలనుకుంది.

కాయ మెత్తబడితే విరగదు. తడి గోనెలు కప్పితే మెత్తబడుతుంది. ఇంజనీరుకి చెప్తే బాగానే ఉందన్నాడు. పన్నెండింటికి కుప్పల మీద తడిపిన గోనెలు కప్పారు. తట్టకి పట్టే టైము నూటపది నిమిషాలకి దిగింది. ఆ సాయంత్రం ఖాజావలికి ఆ అంకె రెండుసార్లు చెప్పింది.

అయిదో రోజున, ఎగుమతికి కట్టి ఉంచిన బస్తాలు విప్పి చూస్తే పన్నెండింటిలో కాయ మీద తెల్లటి బూజు. పిచ్చయ్యగారు షెడ్డులోకొచ్చి ఇది ఎవరి తెలివని అడిగారు. తనదేనని చైతన్యకృష్ణ అన్నాడు. అతను పూర్తిచేసే లోపే కరీమున్ ముందుకొచ్చింది.

"సార్ కాదండి. తడపమన్నది నేనండి."

వారం రోజులు పనిలోకి రావద్దన్నారు. వాచీ తీసి అతని చేతిలో పెట్టి, అరవై మంది చూస్తుండగా షెడ్డు దాటి బయటికి నడిచింది. ఇంటికెళ్ళాక రెండు రోజులు గడప దాటలేదు. భర్త జాకెట్లకి గుండీలు కుట్టమని బట్టలు ఒళ్ళో పెడితే కుట్టింది.

మూడో రోజు సాయంత్రం హనుమాయమ్మ వచ్చింది. లోపలికి రమ్మనకుండానే వచ్చి పీట లాక్కుని కూర్చుంది.

"కాయ తడిపితే మెత్తబడుద్దని నువ్వే కనిపెట్టావా ఏందే? నీళ్ళు చల్లుకుని తొడిమలు తీయటం నా చిన్నప్పట్నుంచీ ఉంది. తీసినాక మళ్ళీ ఎండలో పొయ్యాల. ఆరకుండా మూట కడితే బూజు పట్టకేం చేసుద్ది?"

కరీమున్ తలెత్తి చూసింది. మరి ఒక్క మాట చెప్పలేదేం పిన్నీ అంది.

"నువ్వడిగావా? మూడు వారాలు నా పక్కన నిలబడి నా చేతులు చూశావు. నా మొహం చూశావా ఒక్కనాడన్నా?"

కరీమున్ ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. తర్వాత టీ పెట్టమంది. టీ తాగుతూ ఆవిడే చెప్పుకొచ్చింది. తమ కాలంలో కళ్ళంలో ఈ పని తెల్లవారుతూనే మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించేవాళ్ళట. రాత్రి చెమ్మకి కాయ దానంతటదే మెత్తగా ఉంటుంది, తడపక్కర్లేదు, ఆరబొయ్యక్కర్లేదు. తొమ్మిదింటికి మొదలుపెట్టమని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళెప్పుడూ కాయ ముట్టుకుని ఉండరంది.

వారం కాగానే కరీమున్ పనిలోకి వెళ్ళింది. ఈసారి వాచీ అడగలేదు. భోజనాల వేళ ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఆరింటికి మొదలుపెడితే రాగలరా అని అడిగింది. నలభై మంది రాగలమన్నారు. చంటిపిల్లలున్న వాళ్ళు, బడికి పిల్లల్ని పంపాల్సిన వాళ్ళు కుదరదన్నారు. వాళ్ళకి ఎనిమిదిన్నర. ఈ మాట పిచ్చయ్యగారితో ఆమె ఒక్కతే చెప్పలేదు, హనుమాయమ్మని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇంజనీరు కూడా వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు. పది రోజులు చూద్దాం అన్నారు పిచ్చయ్యగారు.

పది రోజుల్లో సగటు ఇరవైకి వచ్చింది. పగిలే కాయ తగ్గింది. రోజుకి ఇరవై కిలోలని ఖాయం చేశారు, ఎనిమిదిన్నరకి వచ్చేవాళ్ళకి పద్ధెనిమిది. గంటకోసారి చేతులు కడుక్కునే అయిదు నిమిషాలు కూడా అందులో కలిపే ఉన్నాయి. ఆ అయిదు నిమిషాలూ కాగితం మీద రాసే దాకా కరీమున్ ఊరుకోలేదు.

హనుమాయమ్మ మాత్రం ఇరవై అందుకోలేకపోయింది. పదహారు దగ్గరే ఆగిపోయేది. ఆవిణ్ణి ఆపేద్దామని మాటొచ్చినప్పుడు కరీమున్ ఆవిడ తట్టని అందరి ముందూ పట్టా మీద కుమ్మరించింది. వేగంగా తీసేవాళ్ళ తట్టలో కిలోకి పది, పదిహేను కాయలు పగిలి ఉంటే, ఆవిడ తట్ట మొత్తంలో నాలుగున్నాయి. ఆవిణ్ణి చివరి ఏరివేత బల్ల దగ్గరికి మార్చారు. అక్కడ నాలుగేళ్ళు చేసి, చూపు మందగించాక తనే మానుకుంది.

చైతన్యకృష్ణ ఆ వేసవి చివర్లో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. కరీమున్‌ని షెడ్డుకి మేస్త్రీని చేశారు. ఎవరైనా కొత్తగా చేరితే మొదటి వారం ఆమె వాళ్ళ పక్కనే కూర్చుని తొడిమలు తీసేది.

2006లో తొడిమలు తీసే యంత్రం వచ్చింది. దాన్ని కొలిచే పని ఆమెకే అప్పజెప్పారు. పొడికి పోయే కాయకి యంత్రం చాలనీ, నిండుకాయకి పనికిరాదనీ ఉన్నదున్నట్టు చెప్పింది. అరవై మందిలో ఇరవైమూడు మందికి పని పోయింది. పత్తి తీతకి కొందరు, పక్క కోల్డు స్టోరేజీకి కొందరు వెళ్ళారు. అబద్ధపు అంకె చెప్పి ఉంటే ఇంకో ఏడాది వాళ్ళ పని నడిచేదేమోనని ఖాజావలితో ఒకసారి అంది. అతను కత్తెర పక్కనపెట్టి, నువ్వు అబద్ధపు అంకె చెప్పలేవులే అన్నాడు. అయినా ఆ ఇరవైమూడు మంది పేర్లూ ఆమెకి వరసగా గుర్తే. సంతలో ఎవరు ఎదురుపడినా తనే ముందు ఆగి, పిల్లల సంగతీ పని సంగతీ అడిగి, వాళ్ళు చెప్పేదంతా విని వచ్చేది.